యుద్ధం ముగిశాక మిగిలిన సామాను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత నెల సంచికలో, పొలానికి ఎరువు బస్తాలు మోస్తున్న ఒక పాత మిలటరీ జీపు ఫొటో వేసి దాని కింద రెండే వాక్యాలు రాశాం. ఆ రెండు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. యుద్ధం జరుగుతున్నప్పుడు లక్షల్లో తయారయ్యే లారీలు, విమానాలు, గుడారాలు, రేడియోలు ఆ తర్వాత ఏమవుతాయి, ఎవరి చేతికి వెళతాయి అన్నదే దాదాపు అందరి ప్రశ్న. ఒకే తీరు ప్రశ్నలను ఒకచోట చేర్చి ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం మంచి లారీలను, బుల్డోజర్లను సముద్రంలోకి తోసేసిందని మా మేనమామ చెప్పేవారు. అంత విలువైన సామానును ఎవరైనా నీళ్ళపాలు చేస్తారా అని నేను నమ్మలేదు. నిజమేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, గుడివాడ)

జవాబు: మీ మేనమామగారు చెప్పింది నిజం. అది జరిగిన చోటు పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాకు ఈశాన్యాన ఉన్న ఎస్పిరిటు సాంటో దీవి. ఇప్పుడది వనువాటు దేశంలో భాగం. ఆ రోజుల్లో ఆ దీవులను న్యూ హెబ్రిడీస్ అనేవారు, బ్రిటన్, ఫ్రాన్స్ వాటిని ఉమ్మడిగా పాలించేవి. 1942లో జపాన్ సేనలు పక్కనే ఉన్న సాలమన్ దీవుల దాకా వచ్చేసరికి అమెరికా ఇక్కడ పెద్ద సైనిక స్థావరం కట్టింది. రన్‌వేలు, రేవులు, ఆసుపత్రులు, గిడ్డంగులు, మరమ్మతు షెడ్లు, చివరకు సినిమా తెరలు కూడా వెలిశాయి. మూడేళ్ళు తిరిగేసరికి యుద్ధం అయిపోయింది. మనుషులు ఓడలెక్కారు, సామాను గుట్టలుగా మిగిలింది.

వెనక్కి తీసుకుపోదామంటే ఓడల్లో ఉన్న చోటు ఇళ్ళకు వెళ్ళే సైనికులకే చాలదు. ఎలాగో మోసుకుపోయినా, వాడిన లారీ ఒకటి అంత దూరం చేర్చడానికయ్యే కిరాయి దాని వెలకు తూగదు. పైగా సొంత దేశంలో మోటారు కంపెనీలు యుద్ధపు పని మాని మళ్ళీ మామూలు బళ్ళు చేయడానికి సిద్ధమవుతున్నాయి. చవక సైనిక లారీలు వెల్లువలా వచ్చి పడితే తమ బళ్ళు ఎవరు కొంటారన్నది వాటి భయం. అందుకని అక్కడి బ్రిటిష్, ఫ్రెంచి అధికారులకే నామమాత్రపు ధరకు ఇస్తామని అమెరికన్లు చెప్పారు. ఎలాగూ వదిలేసి పోక తప్పదు కదా, అప్పుడు ఊరికే వస్తుంది కదా అని అధికారులు కొనకుండా కాచుకు కూర్చున్నారు. అమెరికన్లు ఊరికే వదల్లేదు. లుగన్‌విల్ పట్టణానికి దగ్గర్లో ఒడ్డు నుంచి నీళ్ళలోకి వాలుగా కట్ట పోసి, దాని మీదుగా లారీలు, జీపులు, బుల్డోజర్లు, క్రేన్లు, పెట్టెలకు పెట్టెల సామాను సముద్రంలోకి దించేశారు. ఆ చోటిని ఇప్పటికీ మిలియన్ డాలర్ పాయింట్ అనే పిలుస్తారు. నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ తుప్పు పట్టిన ఇరుసులు, యంత్రాల ముక్కలు ఒడ్డునే కనిపిస్తాయి. లోతుకు దిగి చూసేవాళ్ళకు పగడాలు అల్లుకున్న చక్రాలు, వాటి సందుల్లో తిరిగే చేపలు కనిపిస్తాయి.

ఈ కథను కొందరు అమెరికా దుబారాకు ఉదాహరణగా చెబుతారు, కొందరు రెండు వలస ప్రభుత్వాల పేరాశకు తగిన శాస్తి అంటారు. నాకు మాత్రం ఈ బేరంలో ఊసే లేని మూడో పక్షం కనిపిస్తుంది. రోడ్డు వేసుకోవడానికి ఒక బుల్డోజరు, ఆసుపత్రిలో దీపాలు వెలగడానికి ఒక జనరేటరు నిజంగా అక్కరకు వచ్చేది ఆ దీవి ప్రజలకు. వాళ్ళ నేల మీద, వాళ్ళ కళ్ళ ఎదుట జరిగిన ఈ వ్యవహారంలో వాళ్ళను అడిగిన వాళ్ళు లేరు. యుద్ధ సామాను గురించి ఎప్పుడు చదివినా నేను మొదట వెతికేది ఇదే. అది ఎవరి దగ్గర ఉంది, ఎవరికి అవసరం, ఎవరిని అడిగి ఏం చేశారు?

ప్రశ్న: అప్పట్లో అమెరికాలో 50 డాలర్లకు పెట్టెలో సర్దిన కొత్త జీపు అమ్మేవారని, పెట్టె విప్పి బిగించుకుంటే చాలని ఒక వీడియోలో చూశాను. నిజమా? (ఐటీఐ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: ప్రకటనలు నిజం, జీపు అబద్ధం. యుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. విదేశాలకు ఓడల్లో పంపేటప్పుడు కొన్నింటిని విడదీసి చెక్క పెట్టెల్లో సర్దిన మాట కూడా వాస్తవం. అయితే అలాంటి పెట్టెలను ప్రభుత్వం 50 డాలర్లకు ప్రజలకు అమ్మలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళ పాటు పత్రికల వెనక పేజీల్లో వచ్చిన ప్రకటనలను నమ్మి డబ్బు పంపినవాళ్ళకు, ప్రభుత్వ వేలాలు ఎక్కడెక్కడ జరుగుతాయో చెప్పే చిన్న పుస్తకం ఒకటి వచ్చేది.

ప్రశ్న: మిగిలినదాన్ని ఏం చేయాలో నిర్ణయించేది సైన్యమా, ప్రభుత్వమా? దానికంటూ చట్టాలు ఉంటాయా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: ఉంటాయి. యుద్ధం ఇంకా సాగుతుండగానే 1944 అక్టోబరులో అమెరికా మిగులు ఆస్తుల చట్టం చేసింది. ప్రభుత్వ శాఖలకు, స్థానిక సంస్థలకు, యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు కొనుగోళ్ళలో ప్రాధాన్యం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఈ అమ్మకాలు చూడటానికే 1946లో యుద్ధ ఆస్తుల పాలన సంస్థ ఒకటి ఏర్పడింది. కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది కానీ సామాను పరిమాణం ముందు ఏ ఏర్పాటూ నిలవలేదు. అరిజోనా ఎడారిలోని కింగ్‌మన్ అనే చోట 5,000కు పైగా యుద్ధ విమానాలు వరసలు తీరి నిలబడ్డాయి. బి-17 బాంబరు ధర 13,750 డాలర్లు, పి-38 ఫైటరు ధర 1,250 డాలర్లు అని పట్టిక వేశారు. శిక్షణ విమానాలు, రవాణా విమానాలు అమ్ముడుపోయాయి. బాంబర్లను కొని ఏం చేసుకుంటారు? ఎక్కువ భాగం ఇంజన్లు ఊడదీసి, రెక్కలు తెగ్గొట్టి, అక్కడే కొలిమిలో కరిగించి అల్యూమినియం దిమ్మెలుగా పోతపోశారు.

చట్టం ఎంత దూరం వెళ్ళగలదో చూపే సంగతి మరొకటి ఉంది. విదేశాల్లో మిగిలిన సామానును ఆయా దేశాలకు అమ్ముదామంటే, యుద్ధంలో చితికిపోయిన ఆ దేశాల దగ్గర డాలర్లు లేవు. వాళ్ళ సొంత నాణేల్లో చెల్లిస్తే ఆ డబ్బును అమెరికాకు తెచ్చుకుని లాభం లేదు. అప్పుడు ఆర్కన్సా రాష్ట్ర సెనేటరు జె. విలియం ఫుల్‌బ్రైట్, ఆ డబ్బును ఆయా దేశాల్లోనే ఉంచి విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలకు ఖర్చు పెడదామని ప్రతిపాదించారు. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో అది చట్టమైంది. భారతదేశంతో ఒప్పందం 1950లో కుదిరింది. ఇప్పుడు ఫుల్‌బ్రైట్-నెహ్రూ పేరుతో నడుస్తున్న ఉపకారవేతనాలకు మూలం అదే, వాటిని నడిపే సంస్థకు హైదరాబాదులోనూ కార్యాలయం ఉంది. మీ విశ్వవిద్యాలయంలో ఆ ఉపకారవేతనం మీద వెళ్ళివచ్చిన ఆచార్యులెవరైనా ఉంటే, ఆ చదువు మొదలైంది లారీలు, డేరాలు అమ్మిన డబ్బుతోనని వారికి గుర్తు చేయండి. ముందుగా ఆలోచించి చట్టంలో ఒక వాక్యం రాసినందుకు దక్కిన ఫలితమిది. ఎస్పిరిటు సాంటోలో లోపించింది అలాంటి వాక్యమే.

ప్రశ్న: మన దేశంలో మిగిలిన సామాను ఏమైంది? మా నాన్నగారి తరం వాళ్ళు "డిస్పోజల్లో కొన్నది" అని ప్రతి గట్టి వస్తువునూ మెచ్చుకునేవారు. (గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ మాట వినగానే మా ఇంట్లో ఉన్న జెర్రీక్యాను అనే పాత సైనిక డీజిలు డబ్బా గుర్తొచ్చింది, దాని సంగతి తర్వాతి జవాబులో చెబుతాను. బర్మా యుద్ధానికి మన దేశమే వెనకటి గిడ్డంగి. అస్సాం నుంచి కరాచీ దాకా బ్రిటిష్, అమెరికన్ డిపోలు ఉండేవి. యుద్ధం ముగిశాక ఈ సామాను అమ్మడానికి కేంద్రంలో డిస్పోజల్స్ డైరెక్టరేట్ పనిచేసింది. 1946లో కుదిరిన ఒప్పందంతో అమెరికన్ల మిగులు కూడా భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. అలా వేలానికి వచ్చిన లారీల చట్రాల మీద చెక్క బాడీలు కట్టించి బస్సులు నడిపారు. దుప్పట్లు, బూట్లు, గుడారపు గుడ్డ, నీళ్ళ సీసాలు సంతల దాకా వచ్చాయి. ఈశాన్యంలో తాత్కాలిక రన్‌వేల కోసం పరిచిన చిల్లుల ఇనప పలకలు ఇళ్ళకు కంచెలయ్యాయి, వాగుల మీద వంతెనలయ్యాయి. ఢిల్లీలో హార్లీ డేవిడ్‌సన్ సైనిక మోటారు సైకిళ్ళ వెనక సీట్లు బిగించి ఫట్‌ఫటియాలు చేశారు. పొగ ఎక్కువైందని 1998లో ఆపించే దాకా అవి చాందినీ చౌక్, కన్నాట్ ప్లేస్ దారుల్లో తిరిగాయి. బొంబాయి దగ్గర కల్యాణ్ సైనిక శిబిరంలోని బారకాసులు దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకు వచ్చిన సింధీ కుటుంబాలకు నీడనిచ్చాయి. ఆ శిబిరమే 1949లో ఉల్లాస్‌నగర్ అయింది.

అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది డకోటా విమానం. యుద్ధంలో సైనికులను, సామానును మోసిన ఈ రెండింజన్ల విమానాలు చవకగా దొరకడంతో మన దేశంలో విమాన కంపెనీలు పుట్టుకొచ్చాయి. లోపల గోడల వెంబడి పొడవునా ఉండే రేకు బల్లలు తీసేసి ప్రయాణికుల సీట్లు వేయడం, గచ్చు సరిచేయడం వంటి పనులను బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం చేసేది. యుద్ధకాలంలో అమెరికన్ల విమానాలు బాగుచేసి పెట్టినది కూడా ఆ కర్మాగారమే కనుక, అక్కడి కార్మికులకు డకోటా ప్రతి మరా తెలుసు. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి 1945లో నెలకొల్పిన డక్కన్ ఎయిర్‌వేస్, బేగంపేట నుంచి ఈ డకోటాలతోనే నడిచింది. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇక కాన్పూరు కథ చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. అమెరికా తన మిత్రదేశాలకు అరువు పద్ధతిలో ఇచ్చిన విమానాలను యుద్ధం తర్వాత తిరిగి ఇవ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. బ్రిటిష్ వైమానిక దళం వాడిన లిబరేటర్ బాంబర్లు ఆ షరతు కిందే కాన్పూరు దగ్గర చకేరీ విమానాశ్రయంలో పోగుపడ్డాయి. వాటిని మళ్ళీ ఎగరనీయకూడదని కొన్నిటిని యంత్రాలతో గుద్ది, కొన్నిటి ఒంటికి చిల్లులు పొడిచి, ఇంజన్లలో ఇసుక పోశారు. స్వతంత్రం వచ్చి, కశ్మీరులో యుద్ధం నడుస్తున్న 1948లో మన వైమానిక దళానికి పెద్ద బాంబర్లు కావలసి వచ్చాయి, కొనడానికి డబ్బు లేదు. ఇవి ఇక లేవవని విదేశీ నిపుణులు తేల్చిన ఆ శవాల గుట్టను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్మికులు కలియబెట్టారు. ఒకదాని తోక, ఇంకొకదాని రెక్క, మరొకదాని చక్రం తెచ్చి, బెంగళూరు దాకా ఎగరగలిగేంత వరకు మాత్రం అతుకులు వేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా కాన్పూరు నుంచి బెంగళూరు చేర్చారు, అక్కడ పూర్తి మరమ్మతు జరిగింది. అలా 42 విమానాలు బతికాయి. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ వాటితోనే ఏర్పడింది. చివరి లిబరేటర్లు 1968 దాకా మన సముద్ర తీరాలను కాశాయి. ఇతర దేశాలు వాటిని కరిగించేసుకోవడం వల్ల, లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంకు కూడా లిబరేటరు మన దగ్గర నుంచే వెళ్ళింది. ఎవరో పాడుచేసి పారేసిన దాన్ని పట్టుదలగా నిలబెట్టిన ఆ కార్మికుల పేర్లు పుస్తకాల్లో కనిపించవు, అది నాకు బాధగానే ఉంటుంది.

ప్రశ్న: యుద్ధ సామాను వల్ల విజ్ఞానానికి, పరిశ్రమకు నిజంగా మేలు జరిగిన సందర్భాలు పిల్లలకు చెప్పదగ్గవి ఉన్నాయా? (సైన్సు టీచరు, కరీంనగర్)

జవాబు: ఉన్నాయి. జపాన్‌లో సోయిచిరో హోండా 1946లో చేసిన పని పిల్లలకు తప్పక నచ్చుతుంది. సైన్యం రేడియోలకు కరెంటు అందించే చిన్న జనరేటరు ఇంజన్లు కొన్ని వందలు మిగిలి ఉండటం చూసి, ఆయన వాటిని కొని సైకిళ్ళకు బిగించారు. మొదటి నమూనాకు పెట్రోలు ట్యాంకు దొరక్క, చలికాలంలో పడకలో పెట్టుకునే వేడినీళ్ళ రేకు డబ్బాను ట్యాంకుగా వాడారు. రైళ్ళు కిక్కిరిసి, బస్సులు లేని ఆ రోజుల్లో అవి చేసినవి చేసినట్టు అమ్ముడుపోయాయి. హోండా కంపెనీకి పునాది అక్కడ పడింది. ఇంగ్లండులో బెర్నార్డ్ లోవెల్ 1945 డిసెంబరులో సైన్యం వాడి వదిలేసిన రాడార్ పెట్టెలను జోడ్రెల్ బ్యాంక్ అనే పల్లెపట్టుకు తీసుకెళ్ళి, ఉల్కల జాడలను రేడియో తరంగాలతో పట్టారు. అక్కడే తర్వాత ప్రపంచ ప్రసిద్ధమైన రేడియో టెలిస్కోపు నిలిచింది. ఇప్పుడు రేవుల్లో చూసే కంటైనర్లకు కూడా ఇలాంటి చుట్టరికమే ఉంది. 1956 ఏప్రిల్‌లో 58 కంటైనర్లతో అమెరికాలో బయలుదేరిన ఐడియల్ ఎక్స్ అనే ఓడ, యుద్ధకాలంలో చేసిన చమురు ఓడను మార్చి తయారు చేసినది.

జెర్రీక్యాను సంగతి చెబుతానన్నాను. మా నాన్నగారు ఇంజనుకు డీజిలు తేవడానికి వాడిన ఆ పచ్చ రంగు డబ్బాకు పైన మూడు పట్టీలు ఉండేవి. రెండు చాలవా, మూడెందుకని చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. నిండు డబ్బాను ఒకడే మోస్తే నడిమి పట్టీ పట్టుకుంటాడు, ఇద్దరు మోస్తే చెరో పక్క పట్టీ పట్టుకుంటారు. ఖాళీవైతే రెండు డబ్బాల అంచు పట్టీలను కలిపి ఒకే చేత్తో పట్టుకోవచ్చు. వరసగా నిలబడిన మనుషులు చేతి నుంచి చేతికి అందించేటప్పుడు ఇచ్చేవాడు ఒక పట్టీ వదిలేలోగా తీసుకునేవాడు ఇంకోటి అందుకుంటాడు. పక్కల మీద గుణకారం గుర్తులా నొక్కిన గాడి, ఎండకు లోపలి పెట్రోలు ఉబ్బినా రేకు పగలకుండా కాస్తుంది. దీన్ని తయారు చేసింది జర్మన్లు, బ్రిటిష్ సైనికులు జర్మన్లను ‘జెర్రీ’ అనేవారు కనుక ఆ పేరు వచ్చింది. శత్రువు చేతి పనిని చూసి బ్రిటిష్‌వాళ్ళు అచ్చంగా అలాగే చేయించుకున్నారు. తరగతిలో ఒక పాత డబ్బా దొరికితే పిల్లల చేత ఎత్తించి చూపండి, పాఠం దానంతటదే అర్థమవుతుంది.

ప్రశ్న: సైన్యం వాడి తీసేసిన జీపు, జిప్సీ గాని జోంగా గాని, కొని రోడ్డు మీద నడపాలని ఉంది. ఎలా? (ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: సైన్యంలో బండి మరమ్మతు ఖర్చు దాని విలువను మించిందని అధికారుల బోర్డు తేల్చాక దాన్ని పక్కన పెడతారు. ఆ తర్వాత వేలం. ఇప్పుడు రక్షణ శాఖ తుక్కు, పాత బళ్ళ వేలాలు ఎక్కువగా ఎం.ఎస్.టి.సి. అనే ప్రభుత్వ రంగ సంస్థ వెబ్‌సైటులో జరుగుతాయి. 1964లో పాత లోహాల వ్యాపారం కోసం పుట్టిన సంస్థ అది. ముందు పేరు నమోదు చేసుకుని ధరావతు కట్టాలి. బళ్ళను విడివిడిగా కాక గుంపులుగా అమ్మడం కద్దు కనుక, మామూలు మనిషికి కొన్న వ్యాపారి దగ్గర కొనడమే దారి అవుతుంది. ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అన్నది అక్కడి షరతు, తర్వాత ఇంజను పాడైందని వాదిస్తే వినరు.

రెండు విషయాలు జాగ్రత్తగా చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఆపేసి, వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు పంపాలన్నారు. దేశ రక్షణ కార్యకలాపాల్లో వాడే కవచ వాహనాలు, ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉన్నా, అది మీరు కొన్న బండికి వర్తిస్తుందని అనుకోకండి. కనుక సైన్యం ఇచ్చిన విడుదల పత్రాలు అసలువి చూసి, మీ ప్రాంతీయ రవాణా కార్యాలయంలో ఈ బండికి నంబరు ఇస్తారా అని అడిగాకే డబ్బు చేతులు మారనివ్వండి. రెండోది రంగు. ఆలివ్ పచ్చ రంగు రక్షణ శాఖ బళ్ళకు మాత్రమేనని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ఆ రంగు మీద ఇష్టంతోనే చాలామంది కొంటారని తెలుసు, అయినా మార్చక తప్పదు. జబల్పూరు కర్మాగారంలో చేసిన జోంగా గురించి అడిగారు కనుక చెబుతున్నాను, విడిభాగాలు దొరకడం కష్టం. పాత జోంగాను నడిపేవాళ్ళు ఇంకో పాత జోంగాను విప్పి దీన్ని బతికించుకుంటున్నారు.

ప్రశ్న: ట్యాంకులు, ఓడలు, జలాంతర్గాములు కూడా తుక్కుకే పోతాయా? (డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: చాలావరకు అంతే. మీకు దగ్గర్లోనే ఒక మినహాయింపు ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామిని విశాఖ రామకృష్ణా బీచిలో ఇసుక మీదికి చేర్చి 2002లో మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో గుండ్రటి ద్వారాల్లోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరినప్పుడు గాని అందులో నెలల తరబడి బతికిన మనుషుల ఓర్పు తెలియదు. విక్రాంత్ విమాన వాహక నౌకకు ఆ అదృష్టం దక్కలేదు. 1997లో విరమించాక ముంబైలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉన్నా, నిర్వహణ భారమై 2014లో తుక్కుకు వేలం వేశారు. దాని లోహంలో కొంత 2016లో వచ్చిన బజాజ్ వి మోటారు సైకిళ్ళలోకి వెళ్ళింది. 1965లో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర చిక్కిన పాకిస్తానీ ప్యాటన్ ట్యాంకులను మాత్రం దేశంలో చాలా ఊళ్ళకు పంచి కూడళ్ళలో నిలబెట్టారు.

ప్రశ్న: మా వీధిలో పాత ఇనుము కొనే దుకాణం ఉంది. యుద్ధం జరిగిన దేశాల తుక్కు మన దేశానికీ వస్తుందని చదివాను. అందులో ప్రమాదం లేదా? (అంగన్‌వాడీ కార్యకర్త, నెల్లూరు)

జవాబు: ప్రమాదం ఉంది, అది నష్టపరిచింది కూడా. ఇరాక్ యుద్ధం తర్వాత అక్కడి తుక్కు ఓడల్లో మన రేవులకు వచ్చింది. అందులో పేలని గుండ్లు కలిసిపోయాయి. 2004 సెప్టెంబరు చివర్లో ఘాజియాబాదు దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో అలాంటి గుండు పేలి 10 మంది కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల తుక్కు గుట్టల్లో గుండ్లు బయటపడ్డాయి. దిగుమతి తుక్కును ఓడకెక్కించే ముందే తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వాలన్న నిబంధన గట్టిపడింది అప్పుడే. లావోస్‌లో ఈ కథ ఇంకా పెద్దది. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుండ్లు కోట్ల సంఖ్యలో పేలకుండా నేలలో ఉండిపోయాయి. షియెంగ్ ఖ్వాంగ్ ప్రాంతంలోని బాన్ నాఫియా గ్రామంలో యుద్ధపు అల్యూమినియాన్ని మట్టి కొలిమిలో కరిగించి, చెక్క, బూడిద కలిసిన అచ్చుల్లో పోసి చెంచాలు చేస్తారు. ఆ చెంచాలు ముచ్చటగానే ఉంటాయి, కానీ ఆ లోహం కోసం పొలాల్లో తవ్విన పిల్లలు, పెద్దలు ఎందరో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నారు.

సామాను అమ్మినవాడికి లెక్క ముగిసిపోతుంది. దాన్ని చివరకు సమ్మెటతో కొట్టే మనిషి రోజు కూలీ. మీరు అంగన్‌వాడీలో పనిచేస్తున్నారు కనుక అడుగుతున్నాను. ఆ దుకాణం చుట్టూ ఆడే పిల్లలకు, కోడిగుడ్డు ఆకారంలోనో, కోసు ముక్కుతోనో ఉన్న బరువైన ఇనప వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దలకు చెప్పమని నేర్పండి. దుకాణదారుకు కూడా అదే చెప్పండి. కోయవద్దు, కదిలించవద్దు, నీళ్ళలో వేయవద్దు, 112కు ఫోను చేయాలి. బాంబుల నిర్వీర్య దళం వచ్చి చూసుకుంటుంది.

ప్రశ్న: మా తాతయ్య ఫిరంగి దళంలో పనిచేసి బర్మా నుంచి తెచ్చిన ఇత్తడి గొట్టం ఒకటి మా ఇంట్లో పూలకుండీగా ఉంది. పేలని గుండ్ల వార్తలు చదివినప్పుడల్లా భయమేస్తుంది. ఉంచుకోవచ్చా? (బ్యాంకు ఉద్యోగిని, తాడేపల్లిగూడెం)

జవాబు: మీరు పంపిన ఫొటోలో గొట్టం మూతి తెరిచి, లోపల ఖాళీగా ఉంది, కోసు గుండు లేదు. అది కాల్చేసిన తూటా తొడుగు. కాలిస్తే గుండు ముందుకు పోతుంది, మందు కాలిపోతుంది, తొడుగు ఫిరంగి వెనక నుంచి కింద పడుతుంది. అడుగున నడిమధ్య చిన్న బిళ్ళ ఉంటుంది, దాన్ని ప్రైమరు అంటారు. దాని మీద మేకు గుచ్చినట్టు సొట్ట ఉంటే అది సాధారణంగా పేలిపోయినదే. సొట్ట లేకుండా నున్నగా ఉంటే మాత్రం శుభ్రం చేయబోకుండా, గీకకుండా పోలీసులకు చెప్పి చూపించండి.

మీ కొలత ప్రకారం ఎత్తు 29 సెంటీమీటర్లు, మూతి 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బర్మాలో బ్రిటిష్, భారతీయ దళాలు విస్తారంగా వాడిన 25 పౌండ్ల ఫిరంగి తొడుగుకు ఈ కొలతలు సరిపోతాయి. అడుగు భాగాన్ని చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పొడి గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూడండి. అంచు వెంబడి 25 అంకె, పక్కన తయారైన సంవత్సరం, ఒక బాణం గుర్తు కనిపించాలి. ఆ బాణం బ్రిటిష్ సైనిక ఆస్తి గుర్తు. దానికి తోడుగా ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం కూడా ఉంటే, ఆ తొడుగును తయారు చేసింది మన దేశపు ఆయుధ కర్మాగారంలోనే. అప్పుడది ఇక్కడ పుట్టి, ఓడలోనో రైల్లోనో బర్మా వెళ్ళి, ఒకసారి పేలి, మీ తాతగారి పెట్టెలో తిరిగి ఇంటికి వచ్చిందన్నమాట. ఆ సంవత్సరం ఏదో మాకు రాయండి.